కంచె లోపలి ఎండ
అమెరికా సంఘాల కథ – 17వ భాగం

వేమన అనగానే మనకు కళ్లముందు ఒక బొమ్మ కదులుతుంది. ఒంటిమీద నూలుపోగు లేని యోగి. జైన దిగంబరులైనా, కుంభమేళాకు దిగివచ్చే నాగసాధువులైనా అంతే. మన దేశంలో బట్ట విడిచినవాడంటే ఇల్లూ వాకిలీ, బంధువులూ బలగమూ, చివరికి సంఘాన్నే విడిచినవాడని లెక్క. ఈ భాగంలో చెప్పబోయే మనుషులు దీనికి పూర్తిగా ఎదురుదారిలో నడిచారు. బట్టలు విడవడానికే వాళ్లు ఒక సంఘం పెట్టుకున్నారు. చందాలు కట్టారు, కార్యవర్గాన్ని ఎన్నుకున్నారు, నియమావళి రాసుకున్నారు, పత్రిక నడిపారు, ఏటా మహాసభలు జరిపారు, అవసరం వచ్చినప్పుడల్లా వకీలును పెట్టుకుని కోర్టుకెక్కారు. పోయిన భాగంలో షికాగో రోటరీ క్లబ్బు గురించి చదివాం. అక్కడి సభ్యత్వపు కార్డుకూ ఇక్కడి సభ్యత్వపు కార్డుకూ పెద్ద తేడా లేదు. అమెరికాలో ఏ కోరికైనా బతికి బట్టకట్టాలంటే ముందు క్లబ్బు కావాలన్నది ఈ ధారావాహిక మొదటినుంచీ చెబుతున్న మాట. న్యూడిస్టుల కథలో అది మరింత గట్టిగా రుజువవుతుంది.

ఈ ఆలోచన పుట్టిల్లు జర్మనీ. 19వ శతాబ్దం చివరికి అక్కడి నగరాలు బొగ్గుపొగలో మునిగాయి. గాలీ వెలుతురూ చొరబడని ఇరుకు వాటాల్లో కార్మికుల కాపురాలు. క్షయ, ఎముకలు వంకరతిరిగే రికెట్స్ ఇంటింటా కనిపించే జబ్బులు. ఆ కాలంలో సూర్యరశ్మి మీద వైద్యులకు కొత్తగా గురి కుదిరింది. చర్మానికి సోకే క్షయను కాంతితో నయం చేసిన డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. స్విట్జర్లాండ్ కొండల్లో అగస్ట్ రోలియే అనే వైద్యుడు క్షయరోగులను వరండాల్లో ఎండకు పడుకోబెట్టి చికిత్స చేసేవాడు. అదే 1903లో, ల్యూబెక్ నగరానికి దగ్గర్లోని క్లింగ్‌బర్గ్‌లో పాల్ జిమ్మర్‌మన్ తన స్థలాన్ని నగ్నంగా ఎండకాచుకునేవాళ్ల కోసం తెరిచాడు. తెల్లవారుజామున కసరత్తు, శాకాహారం, ఈత, మద్యానికీ పొగాకుకూ దూరం. విలాసం మాటటుంచి అది ఒక రకమైన ఆశ్రమ జీవితమే. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఈ పద్ధతి జర్మనీ అంతటా పాకింది.

అక్కడినుంచి న్యూయార్క్ వలస వచ్చినవాడు కర్ట్ బార్తెల్. 1929 సెప్టెంబరు మొదట్లో లేబర్ డే సెలవునాడు ఆయన కొద్దిమంది స్నేహితులతో హడ్సన్ నది కొండల్లోకి వెళ్లి, అడవిలో బట్టలు తీసేసి ఎండలో గడిపాడు. అమెరికాలో వ్యవస్థీకృత నగ్నవాదానికి చరిత్రకారులు ఆ రోజునే మొదలుగా లెక్కిస్తారు. అక్టోబరులో వాల్‌స్ట్రీట్ కుప్పకూలింది. డిసెంబరులో, దేశం దిక్కుతోచని స్థితిలో ఉండగా, ఈ చిన్న బృందం న్యూయార్క్‌లో సమావేశమై సంఘం స్థాపించుకుంది. పేరు ‘అమెరికన్ లీగ్ ఫర్ ఫిజికల్ కల్చర్’. నగ్నత్వం ఊసే లేని పేరు అది. దేహదారుఢ్యమే తమ ధ్యేయమని చెప్పుకోవడం వాళ్లకు రక్షణే. అయితే అందులో నిజం కూడా ఉంది. తొలి సభ్యులు జర్మన్ కసరత్తు సంప్రదాయంలో పెరిగినవాళ్లు. 1932లో బార్తెల్ న్యూజెర్సీలో ‘స్కై ఫార్మ్’ అనే స్థలాన్ని ఏర్పాటు చేశాడు. అమెరికాలో ఇప్పటికీ నడుస్తున్న న్యూడిస్టు క్లబ్బుల్లో అదే అన్నిటికన్నా పాతది.

ఎండాకాలం అడవులున్నాయి సరే, న్యూయార్క్ చలికాలంలో ఎలా? నగరంలో ఈతకొలను ఉన్న వ్యాయామశాలను అద్దెకు తీసుకునేవారు. 1931 డిసెంబరులో అలాంటి ఒక వ్యాయామశాల మీద పోలీసులు దాడి చేసి ఇరవై మందికి పైగా పట్టుకుపోయారు. మేజిస్ట్రేటు కేసు కొట్టేశాడు. తలుపులు మూసుకుని, అందరి సమ్మతితో, సభ్యులు మాత్రమే కూడిన చోటు బహిరంగ ప్రదేశం ఎలా అవుతుంది? ఈ ప్రశ్న వచ్చే 30 ఏళ్లూ అమెరికన్ కోర్టుల్లో తిరిగి తిరిగి వినిపించింది. కంచె ఎంత ఎత్తుగా ఉంటే చట్టం అంత దూరంగా ఉంటుందని న్యూడిస్టులు ఆ రోజే గ్రహించారు.

ఇక్కడ కథలోకి ఒక పాస్టర్ వచ్చాడు. ఇల్స్‌లీ బూన్ న్యూజెర్సీలోని ఓక్‌లాండ్‌లో డచ్ రిఫార్మ్‌డ్ చర్చి బోధకుడు. 1931లో లీగు పగ్గాలు ఆయన చేతికొచ్చాయి. బార్తెల్ నెమ్మదస్తుడు, నలుగురితో కలిసి ఎండలో నడిస్తే తృప్తిపడే మనిషి. బూన్ అలా కాదు. ఆయనకు దేశమంతా శాఖలు కావాలి, పత్రిక కావాలి, ప్రచారం కావాలి. 1933 మేలో ‘ది న్యూడిస్ట్’ పత్రిక మొదలైంది. అదే తర్వాత ‘సన్‌షైన్ అండ్ హెల్త్’ అయింది. సంఘం పేరు కూడా మారి మారి చివరికి ‘అమెరికన్ సన్‌బేదింగ్ అసోసియేషన్’గా స్థిరపడింది. న్యూజెర్సీలోని మేస్ ల్యాండింగ్‌లో బూన్ నెలకొల్పిన ‘సన్‌షైన్ పార్క్’ దానికి కేంద్రమైంది. సభ్యులు ఆయన్ను ‘అంకుల్ డానీ’ అని చనువుగా పిలిచేవారు. ఆయన పెత్తనం భరించలేనివాళ్లు నియంత అనేవారు. ఆ రెండు పిలుపులూ ఆయనకు తగినవే.

ఉద్యమం తొలి నాయకుల్లో హెన్రీ హంటింగ్టన్ అనే ప్రెస్బిటేరియన్ బోధకుడు కూడా ఉన్నాడు. మతబోధకులు ఇందులోకి ఎందుకొచ్చారని పాఠకులకు అనుమానం రావచ్చు. దేవుడు చేసిన దేహంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదని, సిగ్గును మనిషే కల్పించుకున్నాడని వాళ్లు మనస్ఫూర్తిగా నమ్మారు. చర్చి మనిషి ముందు నడిస్తే పోలీసుకూ పత్రికలకూ జవాబు చెప్పడం సులువన్న సంగతి కూడా వాళ్లకు తెలియనిది కాదు. పండితులూ అండగా నిలిచారు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు హోవర్డ్ వారెన్ స్వయంగా క్లింగ్‌బర్గ్ వెళ్లి గడిపి వచ్చి, 1933లో ‘సైకలాజికల్ రివ్యూ’లో వ్యాసం రాశాడు. అలవాటైన కొద్దిసేపటికే నగ్నత్వం గమనింపుకు రాకుండా పోతుందన్నది ఆయన చెప్పిన సారాంశం.

మరొక పండితుడు మారిస్ పార్మెలీకి దీనికోసం పెద్ద మూల్యమే చెల్లించవలసి వచ్చింది. ఈ సామాజిక శాస్త్రవేత్త 1927లో రాసిన పుస్తకం పేరు ‘ది న్యూ జిమ్నోసోఫీ’. అలెగ్జాండరు సేనతో వచ్చిన గ్రీకులు మన దేశపు నగ్న మునులను ఏ పేరుతో పిలిచారో దాన్నుంచే ఆయన ఆ పేరు తీసుకున్నాడు. ఆ పుస్తకంలోని ఫోటోల కారణంగా విదేశం నుంచి వచ్చిన ప్రతులను కస్టమ్స్ వాళ్లు పట్టుకున్నారు. 1940లో వాషింగ్టన్‌లోని ఫెడరల్ అప్పీళ్ల కోర్టు అది అశ్లీలం కాదని తేల్చింది. కోర్టులో గెలిచినా ఉద్యోగం దక్కలేదు. యుద్ధకాలంలో పార్మెలీ ప్రభుత్వ ఆర్థిక విభాగంలో పనిచేస్తుండగా, 1942లో మార్టిన్ డైస్ అనే కాంగ్రెస్ సభ్యుడు ఈ పుస్తకాన్ని ఎత్తిచూపి రచ్చ చేశాడు. పార్మెలీని ఇంటికి పంపేశారు. 15 ఏళ్ల కింద రాసిన పుస్తకానికి అది శిక్ష.

భారతదేశానికి ఈ కథతో ఇంకో సంబంధం కూడా ఉంది. అమెరికాలో బార్తెల్ కన్నా 38 ఏళ్ల ముందే, 1891లో, బొంబాయి దగ్గరి థానేలో చార్లెస్ క్రాఫర్డ్ అనే బ్రిటిష్ జిల్లా జడ్జి ‘ఫెలోషిప్ ఆఫ్ ది నేకెడ్ ట్రస్ట్’ అనే సంఘం పెట్టాడు. సభ్యులు ముగ్గురే. ఇంగ్లండులోని రచయిత ఎడ్వర్డ్ కార్పెంటర్‌కు ఆయన రాసిన ఉత్తరాల వల్లే ఆ సంగతి మనకు తెలిసింది. పాలకులుగా వచ్చిన దేశంలో, పాలకుల దుస్తులు విప్పుకోవడానికి చాటు వెతుక్కున్న ముగ్గురి కథ ఎవరైనా విడిగా రాయదగ్గది.

ఇప్పుడు కంచె లోపలికి వెళ్దాం. బయటివాళ్లు ఊహించుకున్నది ఒకటి, అక్కడ జరిగింది మరొకటి. 1930ల నుంచి 1960ల దాకా అమెరికన్ న్యూడిస్టు క్యాంపులో ఉన్నన్ని ఆంక్షలు మామూలు ఊరి క్లబ్బులో ఉండేవి కావు. మద్యం నిషేధం. ఒకరినొకరు తాకడం, భార్యాభర్తలైనా సరే నలుగురిలో సరసమాడటం నిషేధం. శృంగార విషయాల ప్రస్తావన నిషేధం. తేరిపార చూడటం తప్పు. కెమెరా తేవాలంటే అనుమతి కావాలి, ఎవరినైనా ఫోటో తీయాలంటే వారి సమ్మతి కావాలి. ఎక్కడ కూర్చోవాలన్నా తువ్వాలు పరుచుకోవాలి. ఇంటిపేరు అడగకూడదు. ఏ ఉద్యోగమని ఆరా తీయకూడదు. అందరూ మొదటి పేర్లతోనే పిలుచుకోవాలి. బయట తెలిస్తే ఉద్యోగం ఊడే టీచర్లు, గుమాస్తాలు అక్కడ ఉండేవారు గనుక ఈ చివరి నియమం చాలామందికి కొంపలు నిలబెట్టింది.

1960లలో మార్టిన్ వైన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త ఈ క్యాంపుల్లో పరిశోధన చేసి, ఈ నియమాలన్నీ కలిసి చేసే పనిని వివరించాడు. బట్ట చేసే పనిని అక్కడ నియమం చేస్తుంది. మర్యాద అనేది బట్టతోపాటు ఊడిపోదని, దాన్ని చూపుతో, మాటతో, దూరంతో కొత్తగా కట్టుకుంటారని ఆయన 1965లో ప్రచురించిన వ్యాసంలో చూపించాడు. నేను చదివినంతలో న్యూడిస్టుల గురించి ఇంతకన్నా తెలివైన మాట ఎవరూ చెప్పలేదు.

సభ్యత్వం దొరకడం కూడా తేలిక కాదు. ఒంటరి మగవాళ్లను చాలా క్లబ్బులు చేర్చుకునేవి కావు, చేర్చుకున్నా ఇంతమంది అని హద్దు పెట్టేవి. పెళ్లయినవాళ్లు ఒంటరిగా వస్తామంటే భార్య లేదా భర్త సమ్మతి చూపాలి. క్యాంపు కుటుంబాలతో నిండి ఉండాలి. బయటివాళ్ల అనుమానానికి వాళ్ల దగ్గరున్న జవాబు అదొక్కటే. లోపల దినచర్య మటుకు మహా సాదా. ఉదయం కసరత్తు. గుడిసెలకు రంగులు వేయడం, బాటలు బాగుచేయడం, కొలను తవ్వడం లాంటి పనుల్లో సభ్యులందరి శ్రమదానం. మధ్యాహ్నం తలొక వంటకం తెచ్చి పంచుకునే భోజనాలు. సాయంత్రం వాలీబాల్. న్యూడిస్టులకు వాలీబాల్ మీద ఉన్న ప్రేమ ఒక సంప్రదాయంగానే మారింది. ఖర్చు లేదు, ఆడా మగా ఎవరైనా ఆడవచ్చు, ఒకరినొకరు తాకే పని లేదు. వలకు అటూ ఇటూ నిలబడి ఆడే ఆట వాళ్ల నియమావళికి అతికినట్టు సరిపోయింది. పెన్సిల్వేనియాలోని వైట్ థోర్న్ లాడ్జ్‌లో 1971లో మొదలైన వాలీబాల్ పోటీలు ఏటా జరుగుతూ పేరుపొందాయి.

షికాగోలో వకీలుగా ఉన్న ఆస్ట్రియన్ వలసదారు అలోయిస్ నాప్ ఇండియానా రాష్ట్రంలోని రోజ్‌లాన్‌లో ‘జోరో నేచర్ పార్క్’ పెట్టాడు. హోబర్ట్, లూరా గ్లాసీ దంపతులు దక్షిణ కాలిఫోర్నియాలో ‘ఎలీసియా’ నడిపారు. మాంద్యం రోజుల్లో కార్ఖానాలు మూతపడుతుంటే ఈ క్యాంపులు ఒక్కొక్కటే లేచాయి. చవకగా సెలవు గడపడానికి చోటు కావలసిన కుటుంబాలు వాటిని నిలబెట్టాయి. అదే సమయంలో నగ్నత్వాన్ని సొమ్ము చేసుకునే వ్యాపారులూ పుట్టుకొచ్చారు. 1935లో శాన్‌డియేగో ప్రదర్శనలో ‘జోరో గార్డెన్’ పేరుతో ఒక న్యూడిస్టు కాలనీని చూపించారు. అందులో ఉన్నవాళ్లు కూలికి వచ్చిన నటీనటులు. టికెట్టు కొన్న జనం చూస్తుండగా వాళ్లు పగలంతా ఎండలో ఆడుకోవాలి. కంచె లోపల నియమాలతో బతుకుతున్న కుటుంబాలకు ఇది చేసిన చెరుపు ఇంతా అంతా కాదు. చూడటానికి టికెట్టు పెట్టిన చోటు, చూపునే అదుపులో పెట్టిన చోటు ఒకే పేరుతో చలామణి అయ్యాయి.

ఈ కంచెకు ఒక చీకటి పక్క ఉంది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. బట్టలు పోతే హోదాలు పోతాయని, దొర, కూలి అన్న తేడా ఉండదని న్యూడిస్టు పత్రికలు పదేపదే రాశాయి. కానీ 1950ల దాకా చాలా క్యాంపులు నల్లజాతివారిని గేటు దాటనివ్వలేదు. దక్షిణాది క్యాంపులే కాదు, ఉత్తరాదివీ అంతే. సభ్యత్వం ఎవరికివ్వాలన్నది క్లబ్బు ఇష్టమన్న మాటను రక్షణగా వాడుకున్నవాళ్లే దాన్ని గేటుకు తాళంగానూ వాడారు. వర్ణభేదం చర్మంతోనే మొదలైనది. దేహం పవిత్రమన్నవాళ్లు ఒక రంగు దేహాన్ని మాత్రమే పవిత్రంగా చూడటం ఈ ఉద్యమం మొదటి తరం మీద చెరగని మచ్చ. అల్లరి జరుగుతుందని, ఇరుగుపొరుగు తిరగబడతారని వాళ్లు చెప్పిన కారణాలు నిజమే కావచ్చు. ఆ భయంతోనే ప్రపంచం తమను బయట పెట్టిందన్న సంగతి వాళ్లకు తట్టి ఉండవలసింది.

కోర్టుల కథ సుదీర్ఘమైనది. ముఖ్యమైనవే చెబుతాను. న్యూయార్క్‌లో ఒక వ్యాయామశాల కేసులో న్యూడిస్టులు గెలిచేసరికి, మాజీ గవర్నరు ఆల్ స్మిత్, కేథలిక్ నీతిసంస్థలు కొత్త చట్టం కోసం పట్టుబట్టారు. 1935లో గవర్నరు హెర్బర్ట్ లేమన్ సంతకంతో స్త్రీపురుషులు కలిసి నగ్నంగా కూడటం ఆ రాష్ట్రంలో నేరమైంది. న్యూయార్క్ న్యూడిస్టులు నది దాటి న్యూజెర్సీ చేరారు. మిషిగన్‌లో ఫ్రెడ్ రింగ్ అనే క్యాంపు యజమానికి పడిన శిక్షను ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1934లో ఖాయం చేసింది. లాస్ ఏంజిల్స్ కౌంటీ 1939లో నిషేధం తెచ్చింది. అప్పటికి భర్తను పోగొట్టుకున్న లూరా గ్లాసీకి ఆ చట్టం కిందనే జైలుశిక్ష పడింది.

గాలి మళ్లింది 1950లలో. 1956లో మిషిగన్ పోలీసులు బ్యాటిల్ క్రీక్ దగ్గరి ‘సన్‌షైన్ గార్డెన్స్’ క్యాంపు మీద పడి కొందరిని పట్టుకున్నారు. వాళ్ల అప్పీలు 1958లో రాష్ట్ర సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. తీర్పు రాసిన జస్టిస్ జాన్ వోల్కర్ సామాన్యుడు కాదు. అదే ఏడాది రాబర్ట్ ట్రేవర్ అనే మారుపేరుతో ‘అనాటమీ ఆఫ్ ఎ మర్డర్’ నవల అచ్చువేసి దేశమంతా పేరు తెచ్చుకున్నవాడు. న్యూడిజం తనకు నచ్చాలని లేదని, అయినా ఎవరికీ కనిపించని చోట ఎవరికీ హాని చేయని మనుషుల మీదికి పోలీసులను తోలడమే అసలు అసభ్యత అని ఆయన తేల్చాడు. శిక్షలు రద్దయ్యాయి.

అదే ఏడాది జనవరి 13న ఇంకా పెద్ద తీర్పు వచ్చింది. ‘సన్‌షైన్ అండ్ హెల్త్’ను తపాలాలో పంపనివ్వకుండా పోస్టాఫీసు ఏళ్ల తరబడి అడ్డుపడింది. బూన్ వెనక్కి తగ్గలేదు. 1955లో కింది కోర్టు జడ్జి పత్రిక సంచికలను ముందేసుకుని ఫోటో తర్వాత ఫోటో పరిశీలించాడు. దూరమెంత, నీడ ఎక్కడ పడింది, ఏ కోణంలో తీశారు అంటూ తీర్పులో వర్ణించి, చివరికి పోస్టాఫీసు పక్షమే వహించాడు. అమెరికా సుప్రీంకోర్టు దాన్ని ఒక్క వాక్యంతో కొట్టేసింది. వాదన వినను కూడా లేదు. అంతకుముందు ఏడాది ‘రాత్’ కేసులో తాను అశ్లీలానికి చెప్పిన నిర్వచనాన్ని గుర్తుచేసి ఊరుకుంది. స్వలింగప్రియుల పత్రిక ‘వన్’ మీద పోస్టాఫీసు పెట్టిన ఆంక్షను కూడా ఆ రోజే, ఆ పద్ధతిలోనే తీసేసింది. తపాలాశాఖ మీద ఒకే పూట రెండు చిన్న సంఘాలు గెలిచాయి.

బూన్‌కు ఈ గెలుపు వల్ల ఒరిగింది తక్కువ. 1951లోనే సంఘంలో ఆయన పెత్తనం మీద తిరుగుబాటు లేచి, ఆయన్ను పదవి నుంచి దించేశారు. ఆయన పోటీ సంఘం పెట్టుకున్నాడు. తీర్పుతో దారి తెరుచుకోగానే, క్యాంపు ముఖం చూడని వ్యాపారులు న్యూడిస్టు పత్రికల పేరుతో మార్కెట్‌ను ముంచెత్తారు. ఆరోగ్యం, సూర్యరశ్మి, నైతికత గురించి వ్యాసాలు వేసే పాత పత్రిక వాటి ముందు నిలవలేకపోయింది. తాను పాతికేళ్లు పోరాడి తెచ్చిన స్వేచ్ఛ తన పత్రికను మింగేయడం కళ్లారా చూసి, 1968లో బూన్ చనిపోయాడు.

తర్వాతి తరానికి కంచెలు రుచించలేదు. 1970లలో యువతీయువకులు సభ్యత్వాలూ చందాలూ లేకుండా సముద్రతీరాలకే వెళ్లారు. శాన్‌డియేగోలోని బ్లాక్స్ బీచ్‌లో 1974 నుంచి 1977 దాకా నగర అనుమతి కూడా దొరికింది. విస్కాన్సిన్‌కు చెందిన లీ బాక్సాండల్ 1980లో ‘నేచురిస్ట్ సొసైటీ’ స్థాపించి ఆ వర్గానికి గొంతునిచ్చాడు. ప్రకృతి అందరిదీ, దాన్ని గేటు వెనక దాచడమేమిటని ఆయన అడిగాడు. పాత క్లబ్బులవాళ్లు బీచ్‌లో నియమం ఎవరు నిలబెడతారని తిరిగి అడిగారు. ఇద్దరి ప్రశ్నలూ సబబైనవే. బూన్ పేరుపెట్టిన సంఘం 1995లో ‘అమెరికన్ అసోసియేషన్ ఫర్ న్యూడ్ రిక్రియేషన్’ అని పేరు మార్చుకుంది. ఆరోగ్యోద్యమంగా పుట్టినది సెలవుల వినోదంగా స్థిరపడిందని ఆ కొత్త పేరే చెబుతుంది.

క్లబ్బు లేకపోతే ఈ ఉద్యమం 1930ల పోలీసు దాడుల్లోనే అంతరించేది. క్లబ్బు వల్లనే అది తెల్లవారి మధ్యతరగతి గుంపుగా మిగిలిపోయింది. ఈ రెండింటిలో ఒకటి చెప్పి ఇంకొకటి వదిలేసే చరిత్రను నమ్మవద్దని పాఠకులకు నా మనవి. ఫ్లోరిడాలోని కిసిమీలో 1979 నుంచి నడుస్తున్న న్యూడిస్టు పరిశోధన గ్రంథాలయంలో ఈ పాత పత్రికలూ పుస్తకాలూ భద్రంగా ఉన్నాయి. వచ్చే భాగంలో, తెల్లవారి క్లబ్బులు గేట్లు మూసిన కాలంలో నల్లజాతి అమెరికన్లు తమకోసం తాము కట్టుకున్న సంఘాల గురించి చదువుదాం.